గుండె లయ తప్పాలి, బీపీ పెరగొద్దు

ఆ రోజు మా ఇంట్లో ఉన్నవాళ్లు వీళ్లు. మంచం మీద బాపమ్మ. ఆమెకు ఎడమ పక్క స్టూలు మీద రక్తపోటు విభాగం వేణుగోపాల్ సారు. కుడి పక్క కుర్చీలో లయ విభాగం సుదర్శనం సారు, ఆయన ఒళ్లో గుండె గీతలు తీసే చిన్న యంత్రం. గడప దగ్గర ఆశా వర్కర్ సుగుణక్క. వంటింట్లో మూడోసారి చాయ పెడుతున్న అమ్మ. పనికి పోకుండా గోడకు ఆనుకొని నిలబడ్డ బాపు. తలుపు చాటున నేను. మంచం కింద పొదుగుతున్న కోడి కూడా ఒకటుంది కానీ దాన్ని సార్లు హాజరు పట్టీలో రాసుకోలేదు. నన్నూ రాసుకోలేదు.

నాకు తలుపు చాటు అలవాటే. పదో తరగతి చదువుతున్నాను. బడిలో పేరు పిలిస్తే చెయ్యెత్తుతాను, పలకను. అది చాలని మా సారు ఏడో తరగతిలోనే ఒప్పుకున్నాడు. ఇంటికి చుట్టాలొస్తే తలుపు వెనక్కి పోతాను, వాళ్లు పోయాక వస్తాను. చెప్పాలనుకున్నవి విత్తనాల దుకాణం వాళ్లిచ్చిన డైరీలో రాసుకుంటాను. బాపమ్మ జబ్బు సంగతి కూడా మొదట ఆ డైరీలోనే ఎక్కింది.

బాపమ్మ ముప్పై ఐదేళ్లుగా బీడీలు చుడుతోంది. చాట ఒళ్లో పెట్టుకుని, కాళ్లు చాపుకుని కూర్చుంటే ఆమె చేతులు వాటంతట అవే నడుస్తాయి. ఆకు, తంబాకు, చుట్టు, దారం. కట్టకు ఇరవై ఐదు. ఆమె ఎన్నడూ లెక్కపెట్టలేదు. ఇరవై ఐదోది అయిపోగానే చెయ్యి ఆగుతుంది, అంతే. పని ఇచ్చి బీడీలు తీసుకుపోయే కార్ఖానా టేకేదారు కూడా అందరి కట్టలూ లెక్కపెడతాడు, మా బాపమ్మవి పెట్టడు. అలాంటిది మొన్న ఎండాకాలంలో ఒక కట్టలో ఇరవై ఆరు వచ్చాయి. మా వాడంతా ఆ సంగతే చెప్పుకుంది. తర్వాతి వారం ఒక కట్టలో ఇరవై నాలుగు. నేను వెళ్లి ఆమె ఛాతీకి చెవి ఆనించాను. దారం తెగిన సాంచ ఎలా కొట్టుకుంటుందో అలా కొట్టుకుంటోంది గుండె. సాంచ అంటే మా వాడలో బట్ట నేసే కరెంటు మగ్గం. ఒక దెబ్బకూ ఇంకో దెబ్బకూ పొంతన లేదు.

జిల్లా ఆసుపత్రిలో డాక్టర్ నస్రీన్ మేడం పరీక్ష చేసి అంతా వివరంగా చెప్పింది. పదేళ్ల నుంచి ఉన్న బీపీ వల్ల గుండె పైగది అలసిపోయి, కొట్టుకోవాల్సిన చోట వణుకుతోంది. అలా వణికినప్పుడు నెత్తురు నిలిచి గడ్డ కడుతుంది. ఆ గడ్డ మెదడుకు పోతే చెయ్యి పడిపోతుంది, లేదా నోరు పడిపోతుంది. మందులు వాడి చూశారు, వణుకు ఆగలేదు. ఇక తొడ దగ్గరి నరంలోంచి సన్నని తీగను గుండెదాకా పంపి, అల్లరి ఎక్కడ మొదలవుతోందో ఆ చోటును కాల్చాలి.

"బీడీ అంటుపెట్టినట్టు కాలుస్తరా బిడ్డా?" అని బాపమ్మ అడిగింది.

"అంతకన్నా చిన్నగా, అవ్వా."

"అట్లయితె కాల్చు. చెయ్యి పడిపోతె నేను బతికి ఏం జెయ్యాలె."

ఆ వైద్యం 'హృదయ లయ పునరుద్ధరణ పథకం' కింద ఉచితం. కాకపోతే ఆ పథకానికి రెండు నిబంధనలున్నాయి. మొదటిది రక్తపోటు విభాగం రాసింది: పరిశీలన సమయంలో రోగి రక్తపోటు నూట ముప్పై దాటరాదు. రెండోది లయ విభాగం రాసింది: పరిశీలన సమయంలో రోగి గుండె అధికారి కళ్లముందు లయ తప్పాలి. రెండూ ఒకే పది నిమిషాల్లో జరగాలి. ఒకరు రాసింది ఇంకొకరు చదవలేదు. రెండు కాగితాలనూ కలిపి పిన్ను కొట్టినవాడికి చదివే హోదా లేదు.

బాపమ్మ గుండె బీపీ పెరిగినప్పుడే లయ తప్పుతుంది. బీపీ దిగితే అదీ సర్దుకుంటుంది. ఈ జబ్బులో ఆ రెండూ కలిసే తిరుగుతాయని డాక్టరమ్మ ఉత్తరం రాసింది. సదరు కలయిక ఏ విభాగం పరిధిలోకీ రాదని జవాబొచ్చింది. ఆసుపత్రి యంత్రం తీసిన గుండె గీతలు జతచేసి మళ్లీ పంపింది. ఆసుపత్రి యంత్రం ఆసుపత్రిలో చెల్లుతుందని ఈసారి జవాబు.

మొదటి పరిశీలన జిల్లా ఆఫీసులో, మూడో అంతస్తులో జరిగింది. మెట్లెక్కి పోయేసరికి బాపమ్మ బీపీ నూట డెబ్బై ఆరు, గుండె పూర్తిగా గడబిడ. సుదర్శనం సారు ఆ గీతలు చూసి చాలా సంతోషించాడు. వేణుగోపాల్ సారు సంతకం పెట్టలేదు. రెండో పరిశీలనకు బాపు ఆమెను వీపుమీద ఎక్కించుకుని మెట్లెక్కాడు. బీపీ నూట ఇరవై నాలుగు. గుండె గడియారంలా కొట్టుకుంది. సుదర్శనం సారు ఒక కాగితం ఇచ్చాడు. అందులో "సదరు రోగి ఆరోగ్యవంతురాలు. అభినందనలు" అని ఉంది. ఆ సాయంత్రమే కట్టలో ఇరవై ఏడు బీడీలు వచ్చాయి. అదీ డైరీలో రాశాను.

మూడోది ఆఖరి పరిశీలన. మూడుసార్లలో ఒక్కసారైనా రెండు నిబంధనల ప్రకారం కనిపించని జబ్బును లేనట్టుగా పరిగణించి ఫైలు శాశ్వతంగా మూసేస్తారు. ఈసారి ప్రజల గుమ్మంలోకే పథకం అనే కార్యక్రమం కింద సార్లిద్దరూ జీపులో మా ఇంటికే వచ్చారు. వాళ్లు పన్నెండింటికి వచ్చి ఒంటిగంటకు పోవాలి.

రాగానే వేణుగోపాల్ సారు చెవి రిక్కించాడు. "రోగి పరిసరాల్లో ధ్వని ఉంది. ధ్వని రక్తపోటుకు హేతువు. ఇట్టి ధ్వనిని తక్షణమే నిలుపుదల చేయించగలరు" అన్నాడు.

ఆ ధ్వని సాంచాలది. మా వాడలో అరవై సాంచాలు నడుస్తాయి. వాటి చప్పుడులోనే మేము పుట్టాం, వాటి చప్పుడులోనే అన్నం తింటాం, పాఠాలు చదువుతాం. సారు ఇచ్చిన కాగితం పట్టుకుని బాపు షెడ్డు షెడ్డుకూ తిరిగి బతిమాలాడు. ఒక్కొక్కటీ ఆగింది. ఆఖరుదీ ఆగాక నాకు నా చెవుల్లో ఈల వినిపించింది.

బాపమ్మ మంచం మీద లేచి కూర్చుంది. "ఎవలు పోయిండ్రు?" అంది.

ఎవరూ పోలేదని, సార్లే బందు పెట్టించారని సుగుణక్క నచ్చజెప్పింది. బాపమ్మ నమ్మలేదు. మా వాడలో సాంచాలన్నీ ఒక్కసారి ఆగేది మనిషి పోయినప్పుడే. ఆమె ఒక్కొక్క ముసలివాళ్ల పేరూ తీసి అడగడం మొదలుపెట్టింది. నడిపి రాజేశమా అని అడిగే లోపల నడిపి రాజేశమే తువ్వాల భుజాన వేసుకుని వచ్చాడు. ఆయన వెంట ఇంకో పదిమంది. సాంచాలు ఆగాయి, సర్కారు జీపు మా ఇంటి ముందు ఉంది, కాబట్టి పోయింది మా బాపమ్మ లింగవ్వేనని వాళ్లు లెక్క కట్టుకున్నారు. ఇద్దరు ఆడవాళ్లు వాకిట్లోనే ఏడుపు అందుకున్నారు. బాపమ్మను చూశాక కూడా ఎత్తుకున్న ఏడుపు ఎలా ఆపాలో తెలియక కొంతసేపు ఏడ్చారు.

బీపీ నూట డెబ్బై ఎనిమిది.

"నిశ్శబ్ద వాతావరణంలో రక్తపోటు పెరగడం నిబంధనలకు విరుద్ధం" అన్నాడు వేణుగోపాల్ సారు. బాపమ్మ వైపు చూసి అన్నాడు, తప్పు ఆమెదైనట్టు.

బాపు మళ్లీ తిరిగి సాంచాలు నడిపించాడు. చప్పుడు వాడ నిండా పరుచుకోగానే బాపమ్మ దిండుకు ఒరిగింది. బీపీ నూట ఇరవై ఆరు. వేణుగోపాల్ సారు ఆ అంకె రాసుకుని, చెయ్యి పట్టీ విప్పకుండా, తన విభాగం బాధ్యత నెరవేరిందని, ఇక లయ విభాగం ముందుకు రావచ్చని ప్రకటించాడు.

సుదర్శనం సారు యంత్రం తీగలు అంటించాడు. గీతలన్నీ ఒకే ఎత్తు, ఒకే ఎడం. ఆయన ముఖం వాడిపోయింది. సంచిలోంచి ఒక అచ్చు కాగితం తీశాడు. దానిమీద 'ఆమోదిత ఉద్దీపనలు' అని ఉంది. మొదటిది చదివాడు. "మీ సమీప బంధువుకు ప్రమాదం సంభవించినట్లు భావించగలరు."

"ఏ బంధువుకు?" అంది బాపమ్మ.

"అది రోగి విచక్షణకు వదిలివేయబడింది."

బాపమ్మ కొంచెంసేపు ఆలోచించింది. తర్వాత, మా మేనత్త అత్తగారిని అనుకున్నానని చెప్పింది. ఆమె ముఖం ఎంతో ప్రశాంతంగా మారింది. బీపీ నూట ఇరవై రెండుకు దిగింది.

రెండో ఉద్దీపన, మూడో ఉద్దీపన కూడా పనిచేయలేదు. అప్పుడు బాపు తన తల్లి గురించి నోరు జారాడు. అమ్మకు కోపం వచ్చేది ఒకే ఒక్క సంగతికి సార్, ఆమె చుట్టిన బీడీలు టేకేదారు ఏరి పారేస్తే, అన్నాడు. టేకేదారును పిలిపించారు. బాపమ్మ కట్ట విప్పి రెండు బీడీలు పక్కన పడెయ్యాలని సుదర్శనం సారు ఆయనకు లిఖితపూర్వకంగా ఆదేశం ఇచ్చాడు. టేకేదారు రెండు బీడీలు తీసి, కింద పడేసి, వెంటనే తలుపు దగ్గరికి జరిగాడు.

"ఏందిరో, నా చేతి బీడీకి ఒంక వెట్టెటోనివైనవా?" అంది బాపమ్మ. తర్వాత అన్నవి నేను డైరీలో రాయలేదు.

గుండె లయ తప్పింది. కాగితం మీద గీతలు చెల్లాచెదురయ్యాయి. సుదర్శనం సారు లేచి నిలబడి "అద్భుతం" అన్నాడు. బీపీ నూట ఎనభై. వేణుగోపాల్ సారు తల అడ్డంగా ఊపాడు. లయ ఇలాగే తప్పి ఉండగా రక్తపోటును మాత్రం దించాలని ఆయన సూచించాడు. ఇద్దరూ గడియారం చూస్తూ కూర్చున్నారు. బీపీ దిగింది. గుండె కూడా దాని చెయ్యి పట్టుకునే దిగింది.

ఒంటిగంటకు ఇరవై నిమిషాలు ఉందనగా ఉమ్మడి సమావేశం జరిగింది. మా పెరట్లో, జామ చెట్టు కింద. తిరిగి వచ్చి నిర్ణయం చెప్పారు. రోగి ఎడమ భాగం రక్తపోటు విభాగం కింద శాంతంగా ఉండాలి, కుడి భాగం లయ విభాగం కింద ఆందోళన చెందాలి. ఎడమ పక్క వేణుగోపాల్ సారు పారే కాలువ గురించి మెల్లగా చెప్పసాగాడు. కుడి పక్క సుదర్శనం సారు కాలువ పొంగి ఊళ్లు మునిగిన సంగతి గట్టిగా చెప్పసాగాడు. బాపమ్మ అటూ ఇటూ మెడ తిప్పింది, తిప్పింది, నిద్రపోయింది.

ఒంటిగంటకు నాలుగు నిమిషాలు. సుదర్శనం సారు యంత్రం తీగలు విప్పబోయి, ముందు కాగితం పని చూద్దామని కలం తీశాడు. పైకి చదువుతూ రాశాడు. "మూడవ పరిశీలనలో కూడా వ్యాధి నిబంధనల మేరకు హాజరు కానందున, ఇట్టి వ్యాధి లేనట్లుగా..."

బాపు "సారూ" అన్నాడు. వంటింట్లో అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. నేను తలుపు సందులోంచి బాపమ్మ కుడి చేతిని చూస్తున్నాను. ఆ చెయ్యి నిద్రలో కూడా ఆగలేదు. బొటనవేలు, చూపుడువేలు లేని ఆకును చుడుతున్నాయి. చుట్టి, ముడిచి, లేని దారం కడుతున్నాయి. కడుతూ కడుతూ ఇరవై ఐదు దగ్గర ఆగలేదని లెక్కపెడుతున్న నాకు తెలిసింది. సారు రాసే వాక్యం పూర్తయితే ఆ చెయ్యి ఎప్పుడు పడిపోతుందో ఎవరూ చెప్పలేరు. పడిపోయాక మాత్రం జబ్బు హాజరైనట్టు వాళ్లే రాసుకుంటారు.

"సార్, ఆ కలం కింద పెట్టుండ్రి."

ఆ మాట ఎవరన్నారా అని అందరూ చూశారు. నేనూ చూశాను. అన్నది నేనే. తలుపు వెనక నుంచి ఎప్పుడు బయటికి వచ్చానో తెలియదు. డైరీ నా చేతిలో ఉంది. ఇక ఆగితే మళ్లీ మొదలుపెట్టలేనని గబగబా చదివాను. ఏ తేదీన, ఎన్ని గంటలకు, ఎన్ని నిమిషాల పాటు బాపమ్మ గుండె గడబిడ చేసిందో, ఆ రోజు కట్టలో ఎన్ని బీడీలు వచ్చాయో, నాలుగు నెలలది అంతా చదివాను. చదివి తలెత్తితే సుదర్శనం సారు ఇంకా కలం పట్టుకునే ఉన్నాడు. దాంతో డైరీలో లేనిది కూడా అన్నాను.

"మీరు పన్నెండింటికి వస్తె పన్నెండింటికి వచ్చి, ఒంటిగంట దాంక చేతులు కట్టుకోని నిలబడుటానికి అది జబ్బు సార్, మీ అటెండరు గాదు."

బాపమ్మ కళ్లు తెరిచింది. "ఎవలదే గా గొంతు?" అంది.

"మీ రవళిదే అవ్వా" అంది సుగుణక్క.

"దీనికి గొంతున్నదా?" బాపమ్మ నన్ను కిందినుంచి పైదాకా చూసింది. "పదిహేనేండ్ల సంది దీన్ని సాదుతున్న. దీని గొంతు ఇయ్యాల ఇన్న." ఆమె నవ్వడం మొదలుపెట్టింది. పళ్లు లేని నోరంతా తెరిచి, కళ్లలో నీళ్లు కారేదాకా నవ్వింది. "అటెండరట. గవర్నమెంటు సారును వట్టుకోని..." అని మళ్లీ నవ్వింది.

యంత్రం కిర్రుమంటూ కాగితం వదిలింది. దాని మీద గీతలు ఒకదాని మీద ఒకటి పడుతూ లేస్తూ పోతున్నాయి. సుదర్శనం సారు దాన్ని వేళ్లతో పట్టుకున్నాడు, ఊపిరి కూడా మెల్లగా తీసుకుంటూ. వేణుగోపాల్ సారు పట్టీకి గాలి కొట్టి, గాలి వదిలి, అంకె చూసి, నమ్మకం కుదరక మళ్లీ కొట్టాడు. నూట ఇరవై ఎనిమిది.

ఇద్దరూ ఒకే కాగితం మీద సంతకాలు పెట్టారు. ఆ పథకం మొదలయ్యాక అలా జరగడం అదే మొదటిసారట. సంతకాల కింద ఫోటో కూడా దిగారు. అందులో కోడి ఉంది.

మా కష్టం గట్టెక్కింది అనుకున్నాం. కాని ఆ కాగితంలో ఇంకో గడి ఉంది. లయ తప్పడానికి ప్రేరకం ఏమిటో రాయాలి. సుదర్శనం సారు చాలాసేపు ఆలోచించి "మనవరాలి మాట" అని రాశాడు. వారం తిరక్కుండా ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. వైద్యం జరిగే రోజున సదరు ప్రేరకాన్ని మంజూరు నాటి స్థితిలోనే హాజరుపరచాలి. సదరు ప్రేరకం వాడకం వల్ల అరిగిపోయినచో మంజూరు రద్దగును. కాబట్టి సదరు బాలిక వైద్యం తేదీ వరకు మాట్లాడరాదు, ఆమె చేత ఎవరూ మాట్లాడించరాదు. దీని నకలు మా బడికి, పంచాయతీకి, బస్సు కండక్టరుకు కూడా వెళ్లింది. నాకు ఒక నంబరు ఇచ్చారు. పరికరాల పట్టీలో పదిహేడో వరుస.

ఆ పద్దెనిమిది రోజులు నా బడి జీవితంలోకెల్లా మంచి రోజులు. లెక్కల సారు నా వైపు చూడను కూడా చూడలేదు. ఇంగ్లీషు మేడం వరుసగా అందరినీ లేపి చదివిస్తూ నా దగ్గరికి రాగానే "ఇది ప్రభుత్వ ఆస్తి, తర్వాతి వాళ్లు లెవ్వండి" అంది. ఇంటికి చుట్టాలొస్తే నేను తలుపు చాటుకు పోవాల్సిన పని కూడా లేకపోయింది. కాగితం చూపిస్తే చాలు.

ఒక్కటే ఇబ్బంది. ఆ రోజు నా నోట్లోంచి వచ్చిన మాటలకు బాపమ్మ నవ్విన తీరు చూశాక, ఆమెకు ఇంకో మాట చెప్పాలని నాకు అనిపించింది. ఎప్పుడూ చెప్పనిది. డైరీలో కూడా రాయనిది. రోజూ ఆమె చాట పక్కన కూర్చుని ఆకులు తుడుస్తూ, నోటి దాకా వచ్చినదాన్ని వెనక్కి తోసేదాన్ని. అరిగిపోతే మంజూరు పోతుందని భయం.

చెప్పిన రోజుకు ఆసుపత్రికి పోయాం. బాపమ్మను తోపుడు మంచం మీద పడుకోబెట్టి ఆకుపచ్చ గుడ్డ కప్పారు. సుదర్శనం సారు నన్ను లోపలికి తీసుకుపోవాలని పట్టుబట్టాడు. పరికరం లోపల ఉండాలని కాగితంలో ఉందన్నాడు. నస్రీన్ మేడం ముఖానికి గుడ్డ కట్టుకుని బయటికి వచ్చి, గుండెను గడబిడ చేయడానికి లోపల మాకు వేరే ఏర్పాటు ఉంది, ఈ అమ్మాయి అవసరం లేదంది. అయితే పరికరం అందినట్టు రసీదు కావాలన్నాడు సారు. సిస్టరు విసుగ్గా కాగితం తీసుకుని, నన్ను ఒకసారి ఎగాదిగా చూసి, "పదిహేడో నంబరు, అందింది, మంచి స్థితిలో ఉంది" అని రాసిచ్చింది. ఆయన రసీదు మడిచి జేబులో పెట్టుకుని క్యాంటీనుకు పోయాడు.

రసీదు రాశారంటే నన్ను అప్పగించినట్టే. అంటే ఇక నేను మాట్లాడవచ్చు. మంచం చక్రాలు లోపలికి దొర్లుతున్నాయి. నేను పరిగెత్తి రెండు తలుపు రెక్కల మధ్య నిలబడ్డాను. బాపమ్మ తల తిప్పి నన్ను చూసింది. గుడ్డ కింద ఆమె కుడిచేతి వేళ్లు కదులుతున్నాయి.

"బాపమ్మా" అన్నాను.

ఆమె ముఖం వెలిగింది. వెంటనే గోడ మీదున్న యంత్రం వైపు భయంగా చూసి, ఎడమ చెయ్యెత్తి నన్ను ఆపింది.

"ఇప్పుడద్దు బిడ్డ. మంచిగ కాల్చినంక చెప్పు, కడుపు నిండ వింట" అంది. తర్వాత సిస్టరు వైపు తిరిగి, "తలుపెయ్యమ్మ జెల్ది. అది మాట్లాడుడు వట్టింది" అంది.

సిస్టరు నా ముఖం మీదే తలుపు వేసింది.